కృపచేత

రైస్ కుక్కర్‌ను పాత తువ్వాల్లో చుట్టి పెద్ద బ్యాగులో దూరుస్తున్నాను. కుక్కర్ పడితే కారం డబ్బా పట్టదు, కారం డబ్బా పట్టిస్తే జిప్పు పడదు. చింతపండు, కందిపొడి, ఆవకాయ సీసా, అత్తయ్యకి సన్నబియ్యం, చిన్న చాకు, చివరికి గరిటె కూడా. నా చీరలు మాత్రం ఏ మూలనో ఎలాగోలా ఇరుక్కున్నాయి. బట్టలకి ఓర్పు ఎక్కువ.

"కుక్కర్ మర్చిపోకు కృపా," అన్నారు హాల్లోంచి మా ఆయన జ్ఞానశేఖర్. పొద్దున్నుంచి ఎన్నోసారో. టికెట్లు ఎక్కడ పెట్టారో ఆయనకి గుర్తు లేదు, కుక్కర్ మాత్రం గుర్తుంది. ఆయన ఆఫీసు బేగంపేటలో. కుటుంబంతో ఊరు చూసి రమ్మని ఆఫీసు ఖర్చులిచ్చే ఎల్.టి.సి. ఈ దసరా సెలవులకి కుదిరింది. కొచ్చిన్ వెళ్తున్నాం. "హోటల్ కాదు, కిచెన్ ఉన్న ఇల్లే దొరికింది. అమ్మకి కొబ్బరినూనె పడదు కదా. ఇంక నీకేం ఇబ్బంది లేదు," అన్నారు బుక్ చేసిన రోజున, నాకు పట్టుచీర తెచ్చినంత మురిపెంగా. నాకు ఇబ్బంది లేకపోవడమంటే పొయ్యి దొరకడమని ఆయన గట్టి నమ్మకం.

కింది వాటాలో ఉండే నూర్‌బీ, మా అమ్మాయి మేబెల్ డ్రెస్సు కుట్టి ఇవ్వడానికి పైకొచ్చింది. గుమ్మంలోనే నిలబడి బ్యాగు వంక చూసి బుగ్గన వేలేసుకుంది. "ఏందమ్మా గిన్ని డబ్బాలు? ఊరు చూడనీకి పోతున్నరా, హోటల్ షురూ చేయనీకి పోతున్నరా?" అంది. నాకు నవ్వాగలేదు. మా సికింద్రాబాద్ కార్ఖానా రోడ్డు దాకా వినిపించేట్టు నవ్వాను. నూర్‌బీ మెట్లు దిగి వెళ్ళాక అదే మాట తలుచుకుంటే నవ్వు రాలేదు.

నాకు కొచ్చిన్ మీద కోరిక ఈనాటిది కాదు. బళ్ళో నేను చెప్పేది జాగ్రఫీ. సహజ రేవు, మిరియాల వ్యాపారం, చీనా వలలు, అరబ్బులు, పోర్చుగీసువాళ్ళు, యూదులు, గుజరాతీలు అని ఏడాదికోసారి బోర్డు మీద మ్యాపు వేసి చూపిస్తాను. "టీచర్, మీరు చూశారా?" అని ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు లేచి అడుగుతారు. లేదు నాన్నా, కూర్చో అంటాను. పోయినేడు పిల్లల్ని విశాఖపట్నం తీసుకెళ్తుంటే నేనూ వెళ్తాననుకున్నాను. టూర్‌కి వెళ్ళింది పీటీ సారు. "మీకు ఇంట్లో కష్టం కదా మేడమ్" అని ప్రిన్సిపాలే నా తరఫున ఆలోచించి, పిల్లల దారిభోజనానికి పులిహోర పొట్లాల పని నాకు అప్పజెప్పారు. సముద్రం గురించి చెప్పేది నేను. సముద్రం దగ్గరికి వెళ్ళింది నా పులిహోర.

ఇక తిండి సంగతి. మా ఆలిస్ టీచర్‌ది కొచ్చిన్. మిలిటరీ ఆయన్ని చేసుకుని సైనిక్‌పురిలో స్థిరపడింది. ఆమె డబ్బా మూత తీస్తే స్టాఫ్‌రూములో సగంమంది కిటికీ వైపు జరుగుతారు. నేను మాత్రం ఆమె వైపు జరుగుతాను. ఒకరోజు ఆకులో చుట్టిన చేపముక్క నా చేతిలో పెట్టి, "ఇది చల్లారిపోయింది కృపా. ఇది తిని మా కరిమీన్ తిన్నా అనుకోకు. పెనం మీంచి ఆకుతో దింపి నీ ముందు పెట్టాలె. ఆకు విప్పితే పొగ రావాలె. అప్పుడు తిను," అంది. అంతే, ఆ పొగ నా మనసులో ఉండిపోయింది. నాకు కావలసింది పెద్దదేమీ కాదు. ఆ ఊళ్ళో ఒక్క పూట, ఎవరో వండింది, నేను అడిగింది, వేడిగా, కూర్చుని తినాలి. ఈ నాలుగు మాటల్లో ఏ ఒక్కటి తగ్గినా నాకొద్దు. ఇంత చిన్న కోరికని పైకి చెప్పడానికి ఇంత సిగ్గెందుకేసిందో నాకిప్పటికీ తెలీదు.

శబరి ఎక్స్‌ప్రెస్‌లో కూడా వడ్డించింది నేనే అనుకోండి, అది వేరే కథ. ఫోర్ట్ కొచ్చిన్‌లో ఇల్లు ముచ్చటగా ఉంది. ఎర్ర పెంకులు, ముందు జామచెట్టు, వెనక వంటిల్లు. సామాను దించగానే ఆయన ముందు వంటింటి తలుపే తీశారు. "చూడు, గ్యాసుంది, సింకుంది. మన ఇంట్లో ఉన్నట్టే ఉంది," అన్నారు. అదేనండీ నా బాధ అనాలనిపించింది. ఆయనా మేబెలూ చీనా వలలు చూడ్డానికి వెళ్ళారు. అత్తయ్య ప్రేమమణిగారు మోకాళ్ళ నొప్పులతో నడుం వాల్చారు. నేను అన్నం పెట్టి ఉల్లిపాయలు తరుగుతూ కూర్చున్నాను. పక్కింటి గోడ మీంచి కొబ్బరినూనెలో కరివేపాకు వేగుతున్న వాసన వచ్చింది. సముద్రం ఆ గోడ వెనకే ఎక్కడో ఉంది. బోర్డు మీద ఇన్నాళ్ళూ నీలిరంగు సుద్దముక్కతో గీసిన సముద్రం, ఇంకో నాలుగడుగులు వేస్తే కనిపించే సముద్రం. నేను ఉల్లిపాయల వల్ల ఏడ్చానా, ఇంకెందుకైనా ఏడ్చానా అని ఎవరైనా అడిగితే ఉల్లిపాయల వల్లేనని చెప్పేదాన్ని.

వాళ్ళు తిరిగొచ్చేసరికి మేబెల్ వేళ్ళు ఇంకా చప్పరిస్తోంది. "మమ్మీ, వలల దగ్గర రొయ్యలు వేయించి ఇస్తున్నారు. ఎంత బాగున్నాయో! నీకు తెద్దామంటే చల్లారిపోతాయని డాడీ వద్దన్నారు." ఆయన చేతిలో పేపరు పొట్లం. విప్పితే నల్లటి చారల చేపలు, వెడల్పుగా, బతికున్నట్టే మెరుస్తున్నాయి. "కరిమీన్ అంట. ఇప్పుడే వల్లోంచి తీశారు. మన పద్ధతిలో చక్కగా పులుసు పెట్టు," అన్నారు. పెట్టాను. చింతపండు పిసికి, మెంతిపొడి వేసి, కార్ఖానా పులుసే పెట్టాను. వెయ్యి కిలోమీటర్లు దాటొచ్చి, కరిమీన్‌ని సికింద్రాబాద్ తీసుకుపోయాను.

వాళ్ళు బల్ల దగ్గర కూర్చున్నారు. నేను పొయ్యి దగ్గర అప్పడాలు వేయిస్తున్నాను. ఆయన కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. "పరలోకమందున్న మా తండ్రీ, నీ కృపచేత మాకు దయచేసిన ఈ ఆహారం కొరకు వందనాలు. దీన్ని సిద్ధపరచిన కృప చేతులను దీవించు..." కృపచేత అనగానే మేబెల్ కిసుక్కుమంది. ఇది మా ఇంటి జోకు. నా పూర్తిపేరు దేవకృప. నేను కాపురానికొచ్చిన మొదటి ఆదివారం మా మామయ్యగారు, "దేవుని కృపచేత భోంచేస్తున్నాం అని ఇన్నాళ్ళూ నోటిమాటకి అన్నాం. ఇవాళ్టి నుంచి అక్షరాలా నిజమైంది," అన్నారు. అందరూ గొల్లున నవ్వారు. నేనూ సిగ్గుపడి నవ్వాను. కొత్తలో అదో గారంగా ఉండేది. మామయ్యగారు పోయారు, జోకు మిగిలింది. ఆయన కొడుకు దానికి ఒక వాక్యం కలిపి నా పేరే పెట్టి నా చేతుల్ని దీవించమంటున్నారు. ఎవరికైనా చెబితే, నీకేం తల్లీ, పేరు పెట్టి ప్రార్థించే మొగుడు దొరికాడంటారు. నిజమే. నిజం కాదని నేననను. కానీ నేను ఆ ప్రార్థనలో ఎప్పుడూ కళ్ళు మూసుకోలేదు. మూసుకుంటే అప్పడం మాడిపోతుంది. వాళ్ళు ఆమేన్ అనే వేళకి నేను గరిటెతో నిలబడి ఉంటాను. చేతుల్ని దీవించమని అడిగారే గానీ, ఆ చేతులున్న మనిషికి ఒక నోరుందని, దానికీ ఒక రుచుంటుందని ఆ తండ్రికి ఎవరూ మనవి చేయలేదు.

"పులుసు అదిరింది. ఏ ఊరెళ్ళినా మన కృప చేతివంటే చేతివంట," అన్నారు ఆయన. నేను చివర్న కూర్చుని, గిన్నె అంచుకి అతుక్కున్న ముక్క తిన్నాను. ఆలిస్ ఊరి చేప. కరిమీన్ రుచి ఏమిటో చింతపండు నాకు తెలియనివ్వలేదు.

మర్నాడు ఆదివారం. దగ్గర్లోని పాత చర్చిలో ఇంగ్లీషు ఆరాధనకి వెళ్ళాం. బయటికొచ్చాక ఆయన మట్టాంచేరిలో మసాలా దినుసుల వీధి చూసొస్తామని మేబెల్‌ని తీసుకుని ఆటో ఎక్కుతూ, "అమ్మ నడవలేదు, నువ్వూ అమ్మా ఇంటికెళ్ళిపోండి. మేం వచ్చేలోపు అన్నం వార్చేయ్," అని తాళంచెవి నా అరచేతిలో పెట్టారు. కుక్కర్‌కి వార్చే పనేముంది. మాట అలవాటు.

అత్తయ్యా నేనూ మెల్లగా నడిచాం. మలుపు దగ్గర మలయాళం బోర్డు ఉన్న చిన్న తిండిశాల, బోర్డు మీద ఎవరో గీసిన చేప బొమ్మ. అది చేపో పడవో గట్టిగా చెప్పలేం. లోపల నాలుగైదు బల్లలు. ఒక బల్ల దగ్గర ముసలాయనొకరు అప్పం తుంచి పచ్చటి కూరలో ముంచుకుంటున్నారు. ఇంకో బల్ల దగ్గర తలమీద ముసుగేసుకున్న తల్లీ కూతుళ్ళు ఉర్దూలాగే ఉండి ఉర్దూ కాని భాషలో ఏదో పోట్లాడుకుంటూ తింటున్నారు. వాళ్ళ ముందు అరిటాకు విప్పి ఉంది. పొగ వస్తోంది.

నా కాళ్ళు ఆగిపోయాయి. ఇవాళ కాకపోతే ఇంకెప్పుడూ కాదని ఎంత స్పష్టంగా తెలిసిందో! రేపు మధ్యాహ్నం రైలు. ఇప్పుడు ఇంటికెళ్తే అన్నం, సాయంత్రం మళ్ళీ రైల్లోకి ఏదో ఒకటి. ఆ తర్వాత మళ్ళీ బోర్డు, నీలిరంగు సుద్దముక్క. టీచర్, మీరు తిన్నారా అని పిల్లలడిగితే ఏం చెప్పను? గుండె దడదడలాడింది. తిండి తినడానికి గుండె దడేమిటని నన్ను నేనే తిట్టుకున్నాను.

"అత్తయ్యా, ఇక్కడ తిందామా?" అన్నాను. "మీకు కొబ్బరినూనె పడదని తెలుసు. మీకు పాలూ బ్రెడ్డూ ఏదైనా అడుగుతాను. నేను మాత్రం ఇవాళ ఇక్కడే తింటాను."

ఆవిడ నావంక విచిత్రంగా చూశారు. "నాకు కొబ్బరినూనె పడదని ఎవరన్నారమ్మాయ్?"

"మీ అబ్బాయి. పెళ్ళయిన దగ్గర్నుంచీ అంటున్నారు."

"పడనిది మీ మామగారికి," అన్నారు ఆవిడ, గుమ్మం పట్టుకుని మెట్టెక్కుతూ. "ఆయనకి పడనివన్నీ నేను మానేశాను. నేను తినకపోవడం చూసి వీడు నాకు పడదనుకున్నాడు. నా నోటికి ఏది పడుతుందో నన్నెవరడిగారు గనక? మా నర్సాపురంలో చిన్నప్పుడు చేప తినని రోజుండేది కాదు. పద, నిలబడితే మోకాలు లాగేస్తోంది."

నేను ఆవిడ వెనకాలే లోపలికి వెళ్ళాను. ఇన్నేళ్ళు ఆవిడ పేరు చెప్పి నాచేత వండించారు, మామయ్యగారి పేరు చెప్పి ఆవిడచేత మాన్పించారు. ఒకే వంటింట్లో ఇద్దరం భుజాలు రాసుకుంటూ తిరిగాం. నీకేమిష్టం అని ఆవిడ నన్ను అడగలేదు, నేనూ ఆవిణ్ణి అడగలేదు. ఉప్పు సరిపోయిందా అని మాత్రం ఇద్దరం అందర్నీ అడిగాం.

తిండిశాల నడిపే ఆవిడే వచ్చి తడి చేతులు తుడుచుకుంటూ వచ్చీరాని ఇంగ్లీషులో ఏమేం ఉన్నాయో చెప్పింది. కొబ్బరిపాల చేపకూర, అప్పాలు, కర్రపెండలం దుంపతో ఎర్ర చేపల పులుసు, ఆకులో కరిమీన్. ఆమె పేరడిగాను. బియాట్రిస్ అంది. "ఆ బల్ల దగ్గర ముసలాయనది కొంకణి, వాళ్ళది కచ్ఛీ భాష. ఇక్కడ అన్ని భాషలవాళ్ళూ ఇదే పులుసు తింటారు," అని నవ్వింది. అన్నీ తెమ్మన్నాను. అన్నీ అనగానే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

అప్పుడే ఫోను మోగింది. "అన్నమైందా? మేం బయల్దేరుతున్నాం. ఇక్కడెవడో మట్టాంచేరి బిర్యానీ తినమంటున్నాడు, సికింద్రాబాదువాళ్ళకే బిర్యానీ చెప్తాడు చూడు!" అన్నారు ఆయన నవ్వుతూ.

"అన్నం పెట్టలేదండీ. చర్చి మలుపు దగ్గర చేప బొమ్మ బోర్డుంది. అక్కడికి రండి," అని పెట్టేశాను.

వచ్చారు. ముఖంలో కోపం కంటే కంగారెక్కువ. "అమ్మకి పడదు కదా కృపా! కిచెన్ ఉన్న ఇల్లు ఏరికోరి తీసుకున్నది ఇందుకేనా? ముందే చెప్పొద్దూ? నీకు ఒక్క పూట కూడా ఓపిక లేకపోతే ఎలా?" అన్నారు నిలబడే.

"కూర్చోరా, నాకన్నీ పడతాయి," అన్నారు అత్తయ్య. ఆయన కూర్చున్నారు. ఎందుకు కూర్చున్నారో అర్థంకానట్టే కూర్చున్నారు.

బియాట్రిస్ పళ్ళాలు తెచ్చింది. నా ముందు అరిటాకు మడత పెట్టింది, అంచులు కాస్త నల్లగా కమిలి ఉన్నాయి. నేను విప్పబోతుంటే ఆయన తల వంచారు. ఎక్కడైనా సరే ప్రార్థన లేకుండా ముద్ద ముట్టరు, అది మా ఇంటి పద్ధతి. నేనూ చెయ్యి వెనక్కి తీసుకున్నాను. కళ్ళు మూసుకున్నాను. మాడిపోయేదేమీ లేదు.

"పరలోకమందున్న మా తండ్రీ, నీ కృపచేత మాకు దయచేసిన ఈ ఆహారం కొరకు వందనాలు. దీన్ని సిద్ధపరచిన కృప చేతులను..."

"డాడీ," అంది మేబెల్, "మమ్మీ వండలేదు."

ప్రార్థన ఆగిపోయింది. నేను కళ్ళు తెరిచాను. ఆయన కళ్ళు మూసుకునే ఉన్నారు, కనుబొమలు మాత్రం ముడిపడ్డాయి. దేవుడి ముందు తప్పు చెప్పారు. తప్పు చెబితే దిద్దుకునే మనిషే ఆయన. దిద్దడానికి మాట దొరకడం లేదు. ఆ వాక్యం ఎన్ని వేల పూటలు అన్నారో, అది నేను లేకుండా ఎలా నడుస్తుందో ఆయనకి తెలియదు. చూస్తుంటే నాకు కోపం రాలేదు. జాలీ నవ్వూ కలిసి వచ్చాయి, వాటి కింద పాత దుఃఖమొకటి కదిలింది.

"వండినావిడ పేరు బియాట్రిస్," అన్నాను మెల్లగా.

"బి... బియా..." నాలుక తిరగలేదు. "నువ్వే ముగించు కృపా," అన్నారు చివరికి.

మా ఇంట్లో బల్ల దగ్గర ప్రార్థన ఆడవాళ్ళు చెప్పింది లేదు. వద్దని ఎవరూ అనలేదు, ప్రార్థన వేళకి మేం బల్ల దగ్గర లేం, అంతే. ఆకలేస్తోందా అని ఇన్నేళ్ళూ మొగుణ్ణి అడిగాను, పిల్లని అడిగాను, అత్తమామల్ని అడిగాను, భోజనం బెల్లు కొట్టకముందే బళ్ళో పిల్లల్ని అడిగాను. ఆ మాట నా గురించి నేను ఎవరితోనైనా అన్నానా అని వెతుక్కుంటే ఒక్కసారీ గుర్తు రాలేదు.

"ప్రభువా," అన్నాను, "నాకు చాలా ఆకలిగా ఉంది. ఆమేన్."

"ఆమేన్," అన్నారు అత్తయ్య, అందరికంటే ముందు.

ఆకు విప్పాను. పొగ ముఖానికి కొట్టింది. ఉల్లిపాయ, అల్లం, పచ్చిమిరప, మిరియాల ఘాటు, ఆకు కమిలిన వాసన. ముక్క తుంచితే తెల్లగా పొరలు పొరలుగా విడింది. వేళ్ళు కాలాయి. నోరూ కాలింది. కాలితే కాలిందని మింగాను. ముల్లు తీసుకుంటూ, చప్పరిస్తూ, ఎవరి పళ్ళెంలో ఏం తగ్గిందో చూడకుండా తిన్నాను. అత్తయ్య అప్పాన్ని కొబ్బరిపాలలో నానేసి, రసం మణికట్టు దాకా కారుతున్నా తుడుచుకోకుండా తింటున్నారు. "ఆ ఎర్ర పులుసు ఇటు జరుపు," అన్నారు కొడుకుతో. ఆయన జరిపారు. ఆయనా తిన్నారు. ముందు అనుమానంగా, తర్వాత మాట్లాడకుండా, ఆఖరికి దుంప మళ్ళీ అడిగి తిన్నారు. బియాట్రిస్ వచ్చి బాగుందా అని నన్నే అడిగింది. బాగుందన్నాను, ఇంకో అప్పం అడిగాను. పొట్ట నిండింది. కళ్ళూ నిండాయి, వాటిని చీర చెంగుతో అద్దుకున్నాను. ఎవరూ చూసినట్టు లేదు, చూసినా ఫర్వాలేదనిపించింది.

చేతులు కడుక్కుని వచ్చారు ఆయన. జేబురుమాలుతో మూతి తుడుచుకుంటూ, తృప్తిగా, ఏ తేడా లేకుండా, రోజూ అడిగే గొంతుతోనే అడిగారు.

"సాయంత్రానికి ఏం చేస్తున్నావు?"

"తింటున్నాను, మట్టాంచేరిలో," అన్నాను. "మీరేం చేస్తున్నారు?"